పొగగొట్టానికి పూచీకత్తు

కోవిల్‌పట్టి, విరుదునగరం వైపు స్థిరపడిన మన తెలుగువారి చరిత్ర అనగానే అందరికీ వలస కథే గుర్తుకు వస్తుంది. మన పూర్వులు ఈ నల్లరేగడి నేలకు వచ్చి, అడవి నరికి, చెరువులు తవ్వి, పత్తి, సజ్జ, మిరప పండించారు. తమిళులు కరిసల్ అనే ఈ నేలలో పుట్టిన కథలను ఇడైసెవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ తమిళంలో రాశారు. ఆయన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వలస కథ అలా గ్రంథస్థమైంది. కాని ఈ నేలకు కరెంటు వచ్చిన కథ, ఆ కరెంటు వెనుక ఉన్న పొగ కథ మనం అంతగా చెప్పుకోము. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అదే.

మన ప్రాంతంలో నిండుగా పారే నది లేదు. వానే దిక్కు. అందుచేత విద్యుత్తు విలువ మనకు తెలిసినంతగా కావేరి ఒడ్డువారికి తెలియదేమో. 1944లో తామ్రపర్ణి మీద పాపనాశం జలవిద్యుత్ కేంద్రం పనిచేయసాగింది. ఆ తరువాత మిల్లులకూ, పంపుసెట్లకూ కరెంటు అందడం క్రమంగా పెరిగింది. కపిల తోలిన చేతులు స్విచ్చి వేయడం నేర్చుకున్నాయి. అయితే నీటి కరెంటు వానను నమ్ముకున్నది. పెరిగే అవసరానికి అది చాలలేదు. 1979లో తూత్తుకుడి తీరాన థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. 1990ల ఆరంభానికి అది 5 యూనిట్లతో 1050 మెగావాట్ల కేంద్రమైంది. ఉత్తరాది గనుల బొగ్గు ఓడలలో వచ్చి అక్కడ దిగింది. వెలుగు తీగల వెంట మన ఊళ్ళకు వచ్చింది. బూడిద, పొగ తీరం దగ్గరే మిగిలాయి.

ఈ పొగలో ఏముంటుందో కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వాసులకు వేరే చెప్పనక్కరలేదు. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు ఉన్నదే, అదే గంధకం కాలిన వాయువు, సల్ఫర్ డయాక్సైడ్. బొగ్గులోనూ గంధకం కొంత ఉంటుంది. నూటికి ఒక పాలుకు లోపే కావచ్చు. కాని రోజుకు వేల టన్నుల బొగ్గు కాలేచోట ఆ కొంచెమే కొండంత అవుతుంది. ఆ వాయువు గాలిలో కలిసి సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తులలోకి దిగుతుంది. తేమ తగిలితే ఆమ్లమై పంట మీద పడుతుంది. దీనికి మందు లేకపోలేదు. పొగను బయటికి వదిలే ముందు సున్నపురాయి కలిపిన నీటితో కడిగితే గంధకంలో అధికభాగం జిప్సంగా దిగిపోతుంది. సముద్రపు నీటికి సహజంగానే క్షారగుణం ఉన్నది కనుక తీరంలోని కేంద్రాలు ఆ నీటితోనే కడగవచ్చు. ఈ యంత్రాన్ని క్లుప్తంగా ఎఫ్.జి.డి. అంటారు. దానికి డబ్బు ఖర్చు. చిక్కంతా అక్కడే.

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాడిని, బ్యాంకు ఉద్యోగిని. విద్యుత్ కేంద్రం ఖర్చుల పట్టికలో బొగ్గుకు ఒక పద్దు, వడ్డీకి ఒక పద్దు, యంత్రాల తరుగుదలకు ఒక పద్దు ఉంటాయి. పక్క ఊరి పిల్లవాడి దగ్గుకు మాత్రం పద్దు ఉండదు. పద్దులో లేని ఖర్చును కంపెనీ భరించదు, ఊరు భరిస్తుంది. ఆ ఖర్చును తిరిగి కంపెనీ పద్దులోకే ఎక్కించిన ఊరు ఒకటి మన దేశంలో ఉన్నది. అది మహారాష్ట్రలోని దహాణు.

దహాణు బొంబాయికి ఉత్తరాన సముద్రతీరాన ఉన్న తాలూకా. పార్సీ, ఇరానీ కుటుంబాల సపోటా తోటలకు, వార్లీ గిరిజనులకు పేరుపొందిన చోటు. 1980ల చివర బి.ఎస్.ఇ.ఎస్. సంస్థ అక్కడ 500 మెగావాట్ల బొగ్గు కేంద్రం తలపెట్టింది. తోటలవారు, పర్యావరణవాదులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆపలేదు. పైకి చూస్తే అది ఓటమే. కాని అనుమతి పత్రంలో ఎఫ్.జి.డి. పెట్టాలన్న షరతు ఉన్నది. పర్యవసానాలన్నీ పూర్తిగా ఆలోచించకుండా ఆ షరతును సడలించరాదని కోర్టు తీర్పులోనే రాసింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం దహాణును పర్యావరణ రీత్యా సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. ప్రజల చేతికి రెండు కాగితాలు మిగిలాయి. వాటిని వారు వదలలేదు.

1995లో కేంద్రం నడవసాగింది. ఎఫ్.జి.డి. మాత్రం రాలేదు. మా పొగగొట్టం 275 మీటర్ల ఎత్తు, మా బొగ్గులో గంధకం తక్కువ, యంత్రం అనవసరం అన్నది సంస్థ వాదన. 1996లో సుప్రీంకోర్టు ఆదేశంతో జస్టిస్ సి.ఎస్. ధర్మాధికారి అధ్యక్షతన దహాణు తాలూకా పర్యావరణ పరిరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. యంత్రం పెట్టవలసిందేనని 1999లో అది ఆదేశించింది. తరువాత కేంద్రం రిలయన్స్ చేతికి మారింది. ఏళ్ళు గడిచాయి, యంత్రం రాలేదు. చివరకు 2005లో ప్రాధికార సంస్థ 300 కోట్ల రూపాయలకు బ్యాంకు గ్యారంటీ ఇమ్మన్నది. కంపెనీ బొంబాయి హైకోర్టుకు వెళితే ఆ మొత్తం 100 కోట్లయింది కాని గ్యారంటీ తప్పలేదు. 2007లో సముద్రపు నీటితో పొగను కడిగే యంత్రం దహాణులో పనిచేయడం మొదలుపెట్టింది.

బ్యాంకు గ్యారంటీ అంటే ఏమిటో పాఠకులకు కొంచెం వివరించాలి. ఒకడు పని చేస్తానని మాట ఇస్తాడు. చేయకపోతే ఇంత సొమ్ము నేను కడతానని బ్యాంకు పూచీపడుతుంది. అవతలి వారు కాగితం చూపి అడిగిననాడు బ్యాంకు మారుమాట లేకుండా చెల్లించాలి. ఈ పూచీ ఊరికే రాదు. కంపెనీ హామీ చూపాలి, గ్యారంటీ ఉన్నన్నాళ్ళు కమీషన్ కట్టాలి. అంతవరకు యంత్రం పెట్టకుండా గడిపిన ప్రతి సంవత్సరం కంపెనీకి ఆదాయే. గ్యారంటీ పడిన రోజునుండి ప్రతి నెల జాప్యమూ ఖర్చే. ఊరి దగ్గు మొదటిసారి కంపెనీ పద్దులోకి ఎక్కింది. పెద్ద ప్రసంగాలు చేయలేని పనిని ఆ కాగితం చేసింది. అయితే దాని వెనుక 15 ఏళ్ళకు పైబడిన ఓర్పు ఉన్నదని మరువరాదు.

ఇక మన భాషవారి సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉన్నది. రైతులకు సాగునీరు, మత్స్యకారులకు చేపలు దాని నుండే. అక్కడ నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2640 మెగావాట్ల బొగ్గు కేంద్రం తలపెట్టింది. రికార్డులలో ఆ నేల బీడు. ప్రజల అనుభవంలో అది అన్నం పెట్టే తల్లి. గ్రామస్థులు పర్యావరణ పరిరక్షణ సంఘం పెట్టుకుని రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు తోడు నిలిచారు. ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పిలేట్ ప్రాధికార సంస్థ ముందు అప్పీలు నడిచింది. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే తేదీన ఢిల్లీలో ఆ సంస్థ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కాగితం ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో, ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ కేంద్రం దగ్గర, మళ్ళీ కాల్పులు, మళ్ళీ మరణాలు. సోంపేటలో ఆ కేంద్రం రాలేదు. పొగ రాకముందే దాన్ని ఆపిన ఊరు అది.

మన పక్కనే జరిగినదాన్ని కూడా చెప్పుకోవాలి. తూత్తుకుడి స్టెరిలైట్ విద్యుత్ కేంద్రం కాదు, రాగి కర్మాగారం. కాని దాని పొగలోనూ ముఖ్యమైన దోషి ఆ గంధక వాయువే. మొదట దాన్ని మహారాష్ట్రలోని రత్నగిరిలో పెట్టబోగా అక్కడివారు ఒప్పుకోలేదు. 1990ల మధ్యలో అది మన తీరానికి చేరింది. 2013 మార్చిలో వాయువు వ్యాపించి జనం ఉక్కిరిబిక్కిరి అయ్యారు. ఆ ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు, అంతవరకు జరిగిన కాలుష్యానికి 100 కోట్ల రూపాయల పరిహారం కట్టమని చెప్పి, ఫ్యాక్టరీ నడవడానికి అనుమతించింది.

దహాణులోనూ 100 కోట్లే, ఇక్కడా 100 కోట్లే. ఒకటి తప్పు జరగకుండా ముందుగా తీసుకున్న పూచీ. రెండవది తప్పు జరిగాక కట్టించిన మూల్యం. మూల్యం కట్టినవాడు లెక్క తీరిపోయిందనుకుంటాడు. పూచీ ఇచ్చినవాడికి పని పూర్తయ్యేదాకా లెక్క తీరదు.

2018 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ విస్తరణను వ్యతిరేకిస్తూ పక్క గ్రామం ఆందోళనకు కూర్చుంది. ఆ ఊరి పేరు కుమారరెడ్డియార్‌పురం. పేరులోనే మన వలస చరిత్ర ఉన్నది. నూరవ రోజు మే 22న జనం కలెక్టరు కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్ళారు. కాల్పులలో 13 మంది చనిపోయారు. మే 28న రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీని శాశ్వతంగా మూయమని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఆ మూసివేతను సమర్థించింది. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును కొట్టివేసింది. ఫ్యాక్టరీ మూతపడింది. పోయినవారు రారు, పోయిన ఉద్యోగాల కష్టమూ నిజమే. ముందే యంత్రాలకూ, గాలికీ గట్టి పూచీ తీసుకుని ఉంటే ఈ రెండు నష్టాలూ తప్పేవి కావా?

దేశం మొత్తానికి నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు కేంద్రాల గంధక వాయువుకు పరిమితి విధించింది. రెండేళ్ళు గడువు ఇచ్చింది. ఆ గడువు 2022కు జరిగింది, అక్కడి నుండి ఇంకా జరిగింది. చివరకు 2025 జూలైలో కొత్త ఉత్తర్వు వచ్చింది. దేశంలోని కేంద్రాలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ పరిమితి వర్తించదని, పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలునని దాని సారాంశం. మన బొగ్గులో గంధకం తక్కువనీ, యంత్రాలకు ఖర్చు ఎక్కువనీ కారణాలు చూపారు. దహాణులో విన్న వాదనే ఇది. ఎత్తయిన గొట్టం పొగను తగ్గించదు, పక్క ఊరిది దూరపు ఊరికి పంచుతుంది. తూత్తుకుడికి 60 కిలోమీటర్ల ఎడంలో ఉన్న కోవిల్‌పట్టివారు ఈ మాట ఆలోచించాలి.

కట్టబొమ్మన్‌ను ఉరితీసిన కయత్తారులో ఈనాడు గాలిమరలు తిరుగుతున్నాయి. మన గాలి, మన ఎండ కూడా కరెంటు ఇస్తున్నాయి. అయినా బొగ్గు రేపటికే పోదు. కాబట్టి మనం చేయగల పని ఒకటున్నది. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం పెద్ద కేంద్రాలకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజులు ముందుగా పత్రికలో ప్రకటించాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. సభ చివర నమోదైన అభిప్రాయాలను జనానికి స్థానిక భాషలో చదివి వినిపించాలి. అక్కడ నమోదైన మాటే రేపు షరతుగా మారడానికి ఆధారం. సభలో అరిచి, నమోదు కాకుండా పోయిన మాట గాలిలో పొగే.

నేను గ్రామీణ శాఖలో పనిచేసిన రోజులలో ఒక తెలుగు పెద్దాయన అప్పుకు వచ్చాడు. తమిళంలో ఉన్న పత్రం అంతా చదివి వినిపించాను. ఆయన వేలిముద్ర వేయకుండా, "ఇందులో ఏముండాదో మన మాటలో చెప్పు నాయనా" అన్నాడు. ఆయనకు తమిళం రాదని కాదు. షరతు అన్నది ఇంటి భాషలో వింటేనే నమ్మకం. నేను మళ్ళీ మొదటినుండి తెలుగులో చెప్పాను. రెండు చోట్ల ఆపి ఆయన అడిగిన ప్రశ్నలు, నిజం చెప్పాలంటే, అంతకుముందు నాకు తట్టనివి.

మన ఊళ్ళలో తెలుగు చదవలేని యువకులున్నారు, తమిళం చదవలేని ముసలివారున్నారు. ఏ కేంద్రానికి, ఏ ఫ్యాక్టరీకి సంబంధించిన ప్రకటన వచ్చినా, చదివినవారు దాన్ని రచ్చబండ దగ్గర మన మాటలో చెప్పాలి. పెద్దలు అడిగే ప్రశ్నలను రాసి సభలో నమోదు చేయించాలి. దహాణువారికి 16 ఏళ్ళ పాటు అండగా నిలిచినది అలా రాయించుకున్న ఒక్క షరతే.