కాచుకొని వున్న సిపాయి

చౌడేపల్లె వాళ్లకు బోయకొండ చరిత్ర తల్లిపాలతో వస్తుంది. గోలుకొండ నవాబు సైన్యం మీద పడినప్పుడు బోయలు కొండెక్కి మొక్కుకున్నారనీ, గంగమ్మ ఆ సైన్యాన్ని నరికివేసిందనీ స్థలపురాణం. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం కలిగేది. యుద్ధం ఒక్కనాటిది. ఆ నాటికి ముందు, ఆ నాటికి తర్వాత, ఆయుధం పట్టిన ఆ మనిషి ఏం చేస్తూ వుండేవాడు? ఏం తినేవాడు? ఎవరి ఆజ్ఞ కోసం ఎదురుచూసేవాడు?

మన చరిత్ర గ్రంథాలు యుద్ధాల తేదీలు చెబుతాయి గాని ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. సైనికుని జీవితంలో పోరాడిన రోజులు కొన్ని, కాచుకొని వున్న రోజులు అనేకం. ఆ కాచుకొన్న కాలం ఎవరి సొత్తు అన్న ప్రశ్న వేసుకుంటే, రాజుల చరిత్రలో కనిపించని ప్రజల చరిత్ర కొంత కనిపిస్తుందని నా అభిప్రాయం.

విజయనగరం పతనమైన తర్వాత మా పడమటి సీమ పాళెగాండ్ర వశమైంది. పుంగనూరులో చిక్కరాయల వంశం, కుప్పం వైపు కంగుంది, తూర్పున చిత్తూరు పాళేలు. వీరి బలమంతా కట్టుబడి బంట్లు. కట్టుబడికి నెలజీతం లేదు. అతనికి మాన్యం వుంది. పిలుపు వచ్చేవరకు ఆ మాన్యం దున్నుకుంటాడు. రాత్రిపూట ఊరి కావలి కాస్తాడు. కనుమలలో బాటసారులకు తోడు పోతాడు. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాలి, తేలేకపోతే నష్టం కట్టుకోవాలి అన్నది కావలి ధర్మం. కత్తి చూరులో, కాడి భుజం మీద. అతడు కాచుకొని వుండడమంటే బతుకు సాగించడమే.

అయితే దీన్ని స్వర్ణయుగమని భ్రమించనక్కర లేదు. పాళెగాడు భూస్వామి. కావలి రుసుము రైతు కళ్లం నుంచే పోయేది. రుసుము చెల్లని ఊరిని కాపాడవలసిన చేతులే దోచిన సందర్భాలూ లేకపోలేదు. కాని ఒక్క తేడా వుంది. కట్టుబడి కాలం కట్టుబడి నేల మీద గడిచింది. ఆ నేల వున్నంతవరకు అతడు పూర్తిగా ఎవరి చేతిలోనూ పనిముట్టు కాలేదు.

ఈ తేడాను కుంపిణీ దొరలు మనకన్న ముందే గ్రహించారు. 1800లో దత్తమండలాలు కుంపిణీ వశమైనప్పుడు అక్కడ సుమారు 80 మంది పాళెగాండ్రు, 30,000 మంది సాయుధ బంట్లు వున్నారని లెక్క. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో బంట్ల బలాన్ని విరగగొట్టడమే మొదటి పని అనుకున్నాడు. 1801లో కర్ణాటక నవాబుతో జరిగిన ఒడంబడికతో చిత్తూరు పాళేలూ కుంపిణీకి వచ్చాయి. కావలి హక్కులు పోతాయనగానే అక్కడ తిరుగుబాటు రేగింది. 1804 ప్రాంతంలో సైన్యాన్ని నడిపి అణచివేశారు. కట్టుబడి చనిపోతే అతని మాన్యం సర్కారులో కలుపుకునే పద్ధతి ఎంత ద్వేషం రగిలించిందో 1846లో కోయిలకుంట్ల చూసింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచిన వారిలో మాన్యాల భయం పట్టుకున్న కట్టుబడులు అనేకులు. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఉరితీశారు. నాయకుని పేరు పాటల్లో నిలిచింది. బంట్ల పేర్లు నిలవలేదు.

మాన్యం పోయినవాడు ఎక్కడికి పోవాలి? ఒక దారి కుంపిణీ పటాలం. ఈ దారి కొత్తదేమీ కాదు. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు ఓడలెక్కించిన సేనలో సుమారు 1,500 మంది సిపాయిలు వున్నారు. ఉత్తరదేశం వారు కుంపిణీ సిపాయికి పెట్టిన పేరు 'తిలంగా'. మన జాతి పేరు పరాయి దొర కూలిసైన్యానికి పేరుగా నిలిచిందన్న మాట!

పటాలంలో సిపాయికి నెలకు ఏడు రూపాయలు. లైన్లలో గుడిసె, తెల్లవారితే కవాతు, తుపాకి తుడుచుకోవడం, వంతు ప్రకారం పారా, పొద్దుగూకితే హాజరు. యుద్ధం లేని నెలల్లో ఇదే జీవితం. కట్టుబడికి కాచుకొన్న కాలంలో పొలం వుంది. సిపాయికి హుకుం తప్ప మరేమీ లేదు. పని లేని మనిషి కాలాన్ని కొన్నవాడు ఆ మనిషి ఒంటిని కూడా కొన్నాననుకుంటాడు. 1805 నవంబరులో సేనాధిపతి క్రాడక్ పేర వచ్చిన నిబంధనలు ఇందుకు సాక్ష్యం. కవాతులో నొసట బొట్టు వుండరాదు, చెవిపోగులు వుండరాదు, గడ్డం గీయాలి, మీసం కొలత ప్రకారం వుండాలి. తర్వాత టోపీని పోలిన కొత్త తలపాగా వచ్చింది. 1806 మే నెలలో దాన్ని ధరించమన్న సిపాయిలలో ఒక ముస్లిముకూ ఒక హిందువుకూ చెరి 900 కొరడా దెబ్బలు శిక్ష వేశారు. కొరడా దగ్గర మతభేదం లేదని సిపాయిలకు ఆనాడే తెలిసింది.

ఈ సంగతి జరిగినది ఎక్కడో కాదు. మా పలమనేరు కనుమ దిగి చిత్తూరు దాటితే వచ్చే వేలూరు కోటలో. సిపాయిలు మామూలుగా కోట బయట పేటలో కాపురముండేవారు. జూలై 10 ఉదయం కవాతు వుంది గనుక ముందురోజు రాత్రి లోపలే పడుకొమ్మన్నారు. హుకుం కోసం కాచుకొని వున్న ఆ రాత్రే మూడు పటాలాల సిపాయిలను ఒక్కటి చేసింది. తెల్లవారకముందే తుపాకులు పేలాయి. దొరల పటాలంలో సుమారు 130 మంది చనిపోయారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ ఆశ్వికులతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాడు. సిపాయిలు సుమారు 350 మంది హతులయ్యారు. పట్టుబడినవారిలో సుమారు నూరుమందిని గోడకు నిలబెట్టి కాల్చారు. తలపాగా నిబంధన రద్దయింది. క్రాడక్‌ను, గవర్నరు బెంటింక్‌ను వెనక్కు పిలిపించారు.

దీన్ని మతావేశమని కొట్టివేసే చరిత్రకారులు వున్నారు. తలపాగా నిప్పురవ్వ మాత్రమే. ఆ కోటలోని ఒక పటాలంలో చాలమంది తిరునల్వేలి పాళెగాండ్ర సీమ నుంచి కొత్తగా చేర్చుకున్నవారు. నేల పోయి, కావలి పోయి, కాలం అమ్ముకున్న మనిషి దగ్గర మిగిలింది తల ఒక్కటే. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకుంటాడా?

నూటనలభై ఏళ్ల తర్వాత ఇదే పాఠం సముద్రం మీద పునరావృతమైంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది. నావికులు బారకుల్లో ఇంటికి పంపే కబురు కోసం కాచుకొని వున్నారు. కుళ్లు తిండి, తెల్లవారికో జీతం, నల్లవారికో జీతం, అధికారుల బూతులు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయి తల్వార్ స్థావరంలో తిండి మానేశారు, పని మానేశారు. మన విశాఖపట్నంలోని సర్కార్స్ స్థావరం నావికులూ కలిశారు. ఇండోనేషియా నుంచి భారత సేనలను వెనక్కు రప్పించాలన్నది వారి కోరికలలో ఒకటి. అంటే తమను ఎవరి మీదికి పంపుతారో తామే ప్రశ్నించారు. కట్టుబడికి ఈ ప్రశ్న తట్టలేదు. వేలూరు సిపాయికి సగం తట్టింది. నావికునికి పూర్తిగా తట్టింది. ఇదీ చరిత్ర నడక.

ఈనాటికీ మా రోడ్ల వెంట తెల్లవారుజామున సైన్యంలో చేరాలని పరుగెత్తే కుర్రవాళ్లు కనిపిస్తారు. వారు రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు. 2021లో దేహపరీక్షలు నెగ్గి వ్రాతపరీక్ష కోసం ఏడాదికి పైగా కాచుకొన్న వేలాదిమందికి 2022 జూన్‌లో అగ్నిపథం వచ్చి పడింది. పాత పరీక్ష లేదు. చేరినా నాలుగేళ్లే, అందులో నిలిచేది నాలుగోవంతు. జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో కాల్పుల్లో ఒక యువకుడు మరణించాడు. ఎదురుచూసిన కాలానికి వెల కట్టమని అడిగినందుకు దొరికిన వెల అది.

బోయకొండ మీద గంగమ్మ కత్తి చూసినప్పుడల్లా నాకు ఆ చూరులోని కత్తి గుర్తుకు వస్తుంది. దాని కింద కాడి వుండేది. కాడి లాక్కొని కత్తి చేతికిచ్చే వ్యవస్థ ఏదైనా సరే, సిపాయిని కాచుకొని వుండమంటుంది గాని, అతడు ఆలోచించకుండా ఆపలేదు.