ముత్తాత దించిన పలక

ఒంగోలు దగ్గర మా పల్లెలో మా ముత్తాత పలక దించేశాడు. డప్పును మావైపు పలక అంటారు. ఆ తర్వాత తాత దాన్ని ముట్టలేదు, నాన్న ముట్టలేదు.

దాని వెనక కథ ఇది. 1866లో మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందింది ఆ ఏడే. మాదిగపల్లెల్లో సువార్త పాకిందంటే ఆయన కాళ్ల చలవే. విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి ఇవి భక్తి మాటలే. కానీ కోతల్లో ఆదివారం పొలంలోకి రానంటే కామందు ఊరుకుంటాడా? మొక్కనివాడు అమ్మవారి కొలుపులో పలక ఎలా కొడతాడు? వెట్టి మీద నిలబడ్డ ఊరికి అది తిరుగుబాటే. చాలాచోట్ల కూలి ఆపారు, నీళ్లు కట్టేశారు. మావాళ్ల మొదటి రాజకీయం అదేనని నా నమ్మకం.

గింజల కోసం మతంలో కలిశారని ఇప్పటికీ అంటారు. ఆ మాట నాకు ముల్లు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. అయితే ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

పిలిస్తే పరుగెత్తి, మెతుకుల కోసం కొట్టిన పలకను దించడం సరైన పనే. దాంతోపాటు దరువులూ పోయాయి. అవి ఎన్నో చెప్పేవాళ్లు మా ఇంట్లో మిగల్లేదు.

1994 జులై 7న మా జిల్లాలోనే, ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. దాని పేరే డప్పు చాటింపు. ఆ ఏడు క్రిస్మస్ రాత్రి మా చర్చి ముందు కుర్రాళ్లు వరిగడ్డి మంట వేశారు. ఒకడు పలకను సెగకు తిప్పుతూ వేలితో కొట్టి చూశాడు. మెత్తగా పలికింది. మళ్లీ కాచాడు. ఈసారి ఖంగుమంది. పాస్టరుగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, వద్దనలేదు. నాన్న అరుగు దిగి వెళ్లి పుల్లలు అడిగాడు. ఎలా పట్టుకోవాలో ఆయనకు తెలియదు. ఆ కుర్రాడే ఆయన వేళ్లు ఒక్కొక్కటీ సర్దాడు.