పోతన, నఫీస్, ఒక సనద్

పోతన మా జిల్లావాడని వరంగల్‌లో ప్రతి పిల్లకూ చెబుతారు. ఉర్దూ మీడియం బడిలో కూర్చున్న మాకూ చెప్పారు. బమ్మెర 2016లో జనగామ జిల్లాలోకి పోయింది, ఒంటిమిట్టవాళ్ళు కూడా ఆయన మావాడే అంటారు. అయినా మా దావా మేం వదలం. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వడానికి ఒప్పుకోలేదన్న కథ మాత్రం ఎక్కడ విన్నా ఒకటే.

ఆ పోతన ఇప్పుడు కంప్యూటర్‌లో కూడా ఉన్నాడు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసిన యూనికోడ్ తెలుగు ఫాంట్ పేరు పోతన2000. దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కింద అందరికీ వదిలారు. ఎవరైనా వాడుకోవచ్చు, పంచవచ్చు, మార్చవచ్చు. మార్చి పంచితే అదే షరతు మీద పంచాలి. మన జుబాన్‌లో దీనికి దగ్గరి మాట వక్ఫ్. లినక్స్‌లో డెబియన్ అనే రకం వాడేవాళ్ళు నల్లటి టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు' అని కొడితే పోతన ఇంటికొస్తాడు. ఉర్దూ నస్తాలీఖ్ కూడా 'ఫాంట్స్-నఫీస్' అనే పేరుతో అదే ఖజానాలో చేరింది. కొట్టేది ఒక్క వరసే గానీ దాని వెనక చాలా తారీఖ్ ఉంది.

ముందు నస్తాలీఖ్ సంగతి. ఈ ఖత్‌లో హర్ఫ్ పక్క హర్ఫ్‌ను చూసి రూపం మార్చుకుంటుంది, ఏటవాలుగా కిందికి జారుతుంది. తెలుగు ఒత్తులతో కుస్తీపట్టి గెలిచిన అచ్చు అక్షరాలు దీని ముందు చేతులెత్తేశాయి. అందుకే ఉర్దూ అఖ్బార్లు 20వ శతాబ్దం చివరి దశాబ్దాల దాకా కాతిబ్ కలం మీదే నడిచాయి. 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీఖ్‌తో కంప్యూటర్ మీద వచ్చింది. దానికోసం హర్ఫుల జోడింపులు సుమారు 20 వేలు ముందే రాసి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 1990లలో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చి, ఉర్దూ డీటీపీ అంటే అదే అన్నంతగా పాతుకుపోయింది. కొనే తాహత్ లేని చిన్న దుకాణాలు దొంగ నకలు వాడాయి. తెలుగు డీటీపీలో అను ఫాంట్లదీ ఇంచుమించు ఇదే కిస్సా. షాదీ రుఖాలు, రంజాన్ టైమ్‌టేబుళ్ళు కూడా అలాంటి నకళ్ళలో కంపోజ్ అయ్యాయి. జాయెజా నాజాయెజా అని ఎవరూ అడగలేదు.

నాకు దానికన్నా పెద్ద నుక్సాన్‌గా కనిపించేది ఇంకొకటి. యూనికోడ్ కాని ఆ ఫైళ్ళు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే చదవడానికి రావు. అబ్బాజాన్ కంపోజ్ చేయించిన కితాబ్ కొడుకు కంప్యూటర్‌లో పిచ్చిగీతలవుతుంది.

లాహోర్‌లోనే క్రల్ప్ అనే ఉర్దూ భాషా పరిశోధన కేంద్రం యూనికోడ్‌లో నఫీస్ నస్తాలీఖ్ చేసింది, ఉచితంగా ఇచ్చింది. పేరు మహా ఖత్తాత్ సయ్యద్ నఫీస్ అల్ హుసైనీ గారిది. ఒక కాతిబ్ చేతివాటం ఇలా అందరి సొత్తయింది.

ఇచ్చినవాడు ఇచ్చాడు సరే, అది మన మిషన్ దాకా ఎలా చేరాలి? 1993 ఆగస్టు 16న అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ విద్యార్థి ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెడుతున్నానని ఎలాన్ చేశాడు. తన పేరూ, స్నేహితురాలు డెబ్రా పేరూ కలిపి పెట్టిన పేరది. 1994లో డీపీకేజీ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌నూ, దానికి ఇంకా ఏమేం కావాలో ఆ జాబితానూ ఒకే మూటలో కట్టే పద్ధతి. తక్లీఫ్ ఏమిటంటే, డీపీకేజీ కావాల్సినవి చెప్పేది, తెచ్చిపెట్టేది కాదు. ఒకటి పెట్టబోతే రెండు లేవంటుంది. ఆ రెండు తెస్తే ఇంకో నాలుగు అడుగుతుంది. దావత్‌కు పిలిచి సరుకుల చీటీ చేతిలో పెట్టినట్టు. 1999 మార్చిలో డెబియన్ 2.1తో ఆప్ట్ అందింది. అది లెక్క తనే వేసుకుని, అన్నీ దించి, వరసలో పెడుతుంది. 2011లో వచ్చిన డెబియన్ 6.0 నుంచి బొమ్మల తెర మీద తెలుగులోనే ఇన్‌స్టాల్ చేసుకునే వీలూ కలిగింది.

దించేటప్పుడు దారిలో ఎవరైనా కల్తీ చేస్తే? 2007లో డెబియన్ 4.0 దీనికి జవాబు తెచ్చింది. హదీస్ చదివే ఇళ్ళలో దాన్ని వివరించడం తేలిక. ఆప్ట్ ముందు 'రిలీజ్' అనే ఫైలు తెస్తుంది. దాని మీద డెబియన్ డిజిటల్ దస్తఖత్ ఉంటుంది. అందులో ప్యాకేజీల జాబితాల వేలిముద్రలు, ఆ జాబితాల్లో ఒక్కో ప్యాకేజీ వేలిముద్ర. ఇక్కడ వేలిముద్ర అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన అంకె. లోపల ఒక్క హర్ఫ్ మారినా అది మారిపోతుంది. గొలుసు తెగితే ఆప్ట్ అడ్డం చెబుతుంది. మత్న్ ఎంత అందంగా ఉన్నా సనద్ చూడందే ముహద్దిసీన్ ఒప్పుకోనట్టు. (దీన్‌నూ మిషన్‌నూ ఒకే తక్కెడలో పెడుతున్నానని అనుకోకండి, పద్ధతి గురించే నా మాట.)

ఇంకో పోలిక నన్ను మరీ హైరాన్ చేసింది. డెబియన్‌లో కొత్తగా బాధ్యత తీసుకునేవాళ్ళ తాళంచెవికి పాత సభ్యులు గవాహీ ఇస్తారు. ముఖాముఖి కలిసి, గుర్తింపు కాగితం చూసి ఇవ్వడం అక్కడి రివాజ్. రావీలు ఇద్దరూ ఒకరినొకరు కలిశారని తేలాలన్నది ఇమామ్ బుఖారీ షరతు. దాన్ని లిఖా అంటారు.

కానీ సనద్ సరిగ్గా ఉన్నా రావీ అబద్ధాలకోరైతే? 2024లో సరిగ్గా అదే జరిగింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఏళ్ళుగా దాదాపు ఒక్కడే మోస్తున్న లాస్సె కాలిన్ అలసిపోయి ఉన్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో 2021 నుంచి సాయం చేస్తూ, మంచి పనితో ఎతిబార్ సంపాదించారు. ఇతనికి పని అప్పగించమన్నట్టు ఒత్తిడి పెట్టే కొత్త పేర్లూ ఎక్కడినుంచో ఊడిపడ్డాయి. అధికారం చేతికి వచ్చాక 5.6.0, 5.6.1 రూపాల్లో దొంగ తలుపు పెట్టారు. దాన్ని పట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. తన డెబియన్ మిషన్‌లోకి వెళ్ళడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. మార్చి 29న బయటపెట్టాడు. అప్పటికి అది డెబియన్ పరీక్ష దశ రూపాల్లోకి చేరింది గానీ, మామూలు జనం వాడే స్టేబుల్ రూపంలోకి రాలేదు, అల్లా దయ. దస్తఖత్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి. జర్హ్-ఓ-తాదీల్ అనే ఇల్మ్, రావీ నడతను కూడా జల్లెడ పట్టే ఇల్మ్, ఎందుకు పుట్టిందో మన ఉలమాలను అడిగితే ఇంచుమించు ఇలాంటి వాఖియాలే చెబుతారు.

హన్మకొండ, కాజీపేటలో ఇంజినీరింగ్ చదివే మన పిల్లల్లో కొందరైనా ఆప్ట్ వాడే ఉంటారు. ప్రతి ప్యాకేజీ వెంట 'కాపీరైట్' అనే ఫైలు ఒకటి తప్పనిసరిగా రావాలని డెబియన్ ఖాయిదా. తయారుచేసిందెవరు, ఏ షరతు మీద ఇచ్చారు అన్నది అందులో ఉంటుంది. 'యూఎస్ఆర్' అరలో 'షేర్', దానిలో 'డాక్', దానిలో ప్యాకేజీ పేరు. పోతన2000 పెట్టుకున్న పిల్లలుంటే ఒకసారి ఆ ఫైలు తెరిపించి, పేర్లు పైకి చదివించండి.