దస్తూర్, దస్తూరి

మా ఉర్దూ మీడియం స్కూల్లో షహ్రియత్ పీరియడ్ మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చేది. సగం మంది నిద్రలో జోగేవాళ్లం. ఉస్తాద్ సాబ్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘దస్తూర్’ అని రాసి, కింద గీత గీసి, ముల్క్‌ని నడిపే కాగజ్ ఇదే, దీన్ని మించింది హుకూమత్‌లో ఏదీ లేదు అనేవారు. ఆ మాట అట్లా దిల్‌లో ఉండిపోయింది.

తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు లెక్చరర్ గారు నా పేపర్ చూసి, “నీ దస్తూరి బాగుందయ్యా” అన్నారు. నేను పరేషాన్ అయిపోయాను. రాసింది పోతన మీద, మధ్యలో రాజ్యాంగం ఎక్కణ్నుంచి వచ్చింది? పక్కనున్న దోస్త్ నవ్వి చెప్పాడు, దస్తూరి అంటే చేతిరాత అని.

ఉర్దూలో దస్తూర్‌కి ఇంకో మత్లబ్ కూడా ఉంది. రివాజు, ఆనవాయితీ. దునియా నడిచే తీరు. అంటే ఒకటి కాగితం మీది దస్తూర్, ఇంకోటి లోకం దస్తూర్, మూడోది మనిషి దస్తూరి. అమెరికా రాజ్యాంగం పుట్టిన తవారీఖ్ చదువుతుంటే ఈ మూడూ నాకు ఒకే రాష్ట్రంలో, నార్త్ కరోలినాలో, ఎదురయ్యాయి. ఆ కథే ఇది.

బ్రిటన్ మీద గెలిచిన 13 రాష్ట్రాలు మొదట ఒక వదులు ఒప్పందంతో కలిసి ఉన్నాయి. 1781 నుంచి అమలైన ఆ ఒప్పందంలో కాంగ్రెస్‌కి పన్ను వేసే తాకత్ లేదు. జంగ్ అప్పులు తీర్చడానికి రాష్ట్రాల ముందు చెయ్యి చాపాలి. 1786లో మసాచుసెట్స్ రైతులు అప్పులూ పన్నుల భారం తట్టుకోలేక తిరగబడ్డారు. పెద్దమనుషులకి దడ పుట్టింది. 1787 మే నెలలో ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. 12 రాష్ట్రాల నుంచి 55 మంది వచ్చారు, రోడ్ ఐలండ్ ఎవర్నీ పంపలేదు. తలుపులు మూసుకుని ఎండాకాలమంతా బహస్ చేశారు. సెప్టెంబర్ 17న 39 మంది దస్తఖత్ పెట్టారు.

ఆ కాగజ్‌లో రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది ఆరో అధికరణం చివర ఉంది. సర్కారు ఉద్యోగంలో, పదవిలో చేరే ప్రతి ఒక్కరూ రాజ్యాంగానికి కట్టుబడతానని మాట ఇవ్వాలి, కానీ ఏ పదవికీ మజ్‌హబ్ షరతు ఎప్పటికీ పెట్టకూడదు. దీన్ని తెచ్చింది సౌత్ కరోలినా నుంచి వచ్చిన చార్లెస్ పింక్నీ. అప్పటికి ఆయనకి 30 ఏళ్లు కూడా నిండలేదు. ఆ జమానాలో ఇది చిన్న మాట కాదు. చాలా రాష్ట్రాల సొంత రాజ్యాంగాల్లో అలాంటి షరతులున్నాయి. నార్త్ కరోలినా 1776లో రాసుకున్న దాంట్లో, ప్రొటెస్టెంట్ మజ్‌హబ్ సత్యాన్ని కాదనేవాడికి పదవి లేదని సాఫ్‌గా ఉంది.

రెండోది మొదటి అధికరణంలో ఉంది. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో జనాభాని బట్టి లెక్క కట్టాలి. ఆ లెక్కలో స్వేచ్ఛాజీవులందరూ పూర్తిగా, ‘ఇతర వ్యక్తుల్లో’ ఐదింట మూడొంతులు. ఆ ఇతర వ్యక్తులు గులాములు. వాళ్లకి ఓటు లేదు, కానీ వాళ్ల లెక్క చూపించి మాలిక్‌ల రాష్ట్రాలు ఎక్కువ సీట్లు తీసుకున్నాయి. గులాం అనే మాట మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా పడకుండా జాగ్రత్త పడ్డారు. రాయడానికి షరమ్ వేసింది, చేయడానికి వేయలేదు. మజ్‌హబ్ షరతు వద్దన్న పింక్నీ సాహెబే గులామీని గట్టిగా సమర్థించిన వాళ్లలో ఒకడు.

రాసిన కాగజ్‌ని రాష్ట్రాలు ఒప్పుకోవాలి కదా. తొమ్మిది రాష్ట్రాలు ఖబూల్ అంటే చాలు. 1788 జూన్‌లో న్యూ హాంప్‌షైర్ తొమ్మిదోది అయ్యింది. వర్జీనియాలో 89 మంది అవునంటే 79 మంది కాదన్నారు, న్యూయార్క్‌లో తేడా మూడంటే మూడు ఓట్లు. ఆ వేడిలో 1788 జూలై ఆఖర్లో నార్త్ కరోలినా వాళ్లు హిల్స్‌బరో అనే ఊళ్లో చేరారు. అక్కడ బహస్‌లోకి ఎవరొచ్చారో తెలుసా? ముసల్మాన్.

హెన్రీ ఆబట్ అనే బాప్టిస్ట్ పాదిరీ లేచి, తన జనం భయాలు వినిపించాడు. మజ్‌హబ్ షరతు లేకపోతే విగ్రహారాధకులు, దేవుడు ఉన్నా మతం అక్కర్లేదనేవాళ్లు, ముసల్మాన్‌లు కూడా పదవుల్లోకి రావొచ్చు కదా అని వాళ్ల ఫికర్. విలియం లాంకాస్టర్ ఇంకా దూరం చూశాడు. ఈ రాజ్యాంగం వందల ఏళ్లు నిలవాలని రాస్తున్నాం, నాలుగైదు వందల ఏళ్లకి పోప్‌ని నమ్మేవాడో ముసల్మానో ఆ అధ్యక్ష కుర్చీలో కూర్చోవచ్చు అన్నాడు. పోప్ సంగతిలో అంత టైం పట్టలేదు. 1960లో కెనెడీ గెలిచాడు.

జవాబిచ్చింది జేమ్స్ ఐర్డెల్ అనే వకీల్. ఈయన్నే తర్వాత వాషింగ్టన్ సుప్రీం కోర్టు జడ్జిగా వేశాడు. ఐర్డెల్ ముసల్మాన్‌ల తరఫున వకాలత్ చేశాడని అనుకోకండి. మన జనం అలాంటి వాళ్లని ఎన్నుకోరు, ఆ భయం మీకక్కర్లేదు అన్నాడు. కానీ అసలు మాట వేరే చెప్పాడు. ఒకర్ని మజ్‌హబ్ పేరు మీద బయట పెట్టడం మొదలుపెడితే, మనం నిలబడ్డ మజ్‌హబీ ఆజాదీ ఉసూలే పోతుంది, ఇక ఎక్కడ ఆగుతారు అని. ఈ సవాల్‌కి ఎదుటివాళ్ల దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ హాల్లో కూర్చున్న బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు నిన్న మొన్నటి దాకా ఇంగ్లండ్ చర్చి కింద నలిగినవాళ్లే.

నాకు ఇక్కడే సమజ్ అయ్యింది. వాళ్ల దిమాగ్‌లో ముసల్మాన్ ఒక మనిషి కాదు, ఒక కొలబద్ద. అందరికంటే దూరంగా ఉన్నవాడు. ఆ దూరం మనిషికి కూడా దర్వాజా తెరిచి ఉందంటే, మధ్యలో ఉన్న కేథలిక్‌కీ యూదుకీ అడ్డం పెట్టలేరు. ఈ ఆలోచన ఐర్డెల్ ఒక్కడిదే కాదు. 1784లో రిచర్డ్ హెన్రీ లీ అనే వర్జీనియా నాయకుడు మాడిసన్‌కి రాసిన ఖత్‌లో, నిజమైన ఆజాదీ క్రైస్తవులతో పాటు ముసల్మాన్‌నీ ‘జెంటూ’నీ కలుపుకుంటుందని రాశాడు. ఈ జెంటూ ఎవరో తెలుగువాళ్లకి చెప్పాలా? హిందువుని ఇంగ్లిష్‌వాళ్లు అలా పిలిచేవాళ్లు, మద్రాసులో దొరలైతే తెలుగు భాషనీ తెలుగువాళ్లనీ అదే మాటతో పిలిచారు. నేను తెలుగు చదివిన ముసల్మాన్‌ని. లీ చెప్పిన లిస్టులో నాకు రెండు సీట్లు!

జెఫర్సన్ సంగతి మీలో చాలామందికి ఎరుకే. 1765లో, 22 ఏళ్ల వయసులో, లా చదువుకుంటూ జార్జ్ సేల్ అనువదించిన ఖురాన్ కొన్నాడు. ఆయన రాసిన మజ్‌హబీ ఆజాదీ కానూన్‌ని వర్జీనియా 1786లో పాస్ చేసింది. అది యూదులకీ క్రైస్తవులకీ ముసల్మాన్‌లకీ హిందువులకీ ఏదీ నమ్మనివాళ్లకీ అందరికీ అని తర్వాత ఆయనే వివరించాడు. వాషింగ్టన్ కూడా 1784లో తన మౌంట్ వెర్నన్ ఇంటి పనికి వడ్రంగీ, తాపీ మనిషీ కావాలని దోస్త్‌కి ఖత్ రాస్తూ, పని తెలిసినవాళ్లైతే చాలు, ముసల్మాన్‌లైనా యూదులైనా క్రైస్తవులైనా నాస్తికులైనా ఫర్వాలేదన్నాడు.

మంచి మాటే. కానీ అదే మౌంట్ వెర్నన్‌లో, పదేళ్ల ముందు 1774లో, పన్ను కట్టాల్సిన గులాముల లిస్టులో ఇద్దరు ఆడవాళ్ల పేర్లున్నాయి. ‘ఫాతిమర్’, ‘లిటిల్ ఫాతిమర్’. ఫాతిమా, చిన్న ఫాతిమా. తల్లీ బిడ్డలేమో అనిపిస్తుంది. ఆ పేర్లు తప్ప వాళ్ల ఇమాన్ గురించి చెప్పే కాగజ్ ఏదీ లేదు. ముసల్మాన్ వచ్చినా ఫర్వాలేదని రాసిన సాహెబ్‌కి, ముసల్మాన్‌లు తన పొలంలోనే ఉన్నారేమో అన్న ఖయాల్ వచ్చిందా? ఖత్‌లో అయితే ఆ జాడ లేదు.

మళ్లీ నార్త్ కరోలినాకి పోదాం. హిల్స్‌బరోలో రెండింతలకు మించిన మెజారిటీతో రాజ్యాంగాన్ని పక్కన పెట్టేశారు, హక్కుల జాబితా లేదని ముఖ్యమైన ఏతరాజ్. 1789 సెప్టెంబర్‌లో కాంగ్రెస్ ఆ జాబితాని సవరణల రూపంలో రాష్ట్రాలకి పంపింది. నవంబర్ 21న నార్త్ కరోలినా రెండోసారి కూర్చుని, ఈసారి ఖబూల్ అంది. అప్పుడు కూర్చున్న ఊరు ఫయెట్‌విల్. పేరు గుర్తుపెట్టుకోండి.

1810లో, సరిగ్గా 21 ఏళ్లకి, అదే ఫయెట్‌విల్ జైల్లో ఒక పారిపోయిన గులాంని పెట్టారు. సన్నటి మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఇంగ్లిష్ రాదు. పొయ్యి బొగ్గు ముక్క తీసుకుని దీవార్ మీద ఏదో రాయడం మొదలుపెట్టాడు. కుడి నుంచి ఎడమకి. జనం గుంపులుగా వచ్చి చూశారట. అది అరబీ.

ఆయన ఉమర్ ఇబ్న్ సయీద్. ఇప్పటి సెనెగల్ ప్రాంతంలోని ఫూతా తోరోలో పుట్టాడు. 25 ఏళ్లు ఉస్తాద్‌ల దగ్గర ఇల్మ్ నేర్చుకున్నవాడు. 1807లో పట్టుకుని ఓడ ఎక్కించి చార్ల్స్‌టన్‌లో అమ్మేశారు. రాజ్యాంగం 1808 వరకు గులాముల దిగుమతిని ఆపొద్దని రాసి ఉంచింది కదా, 1808 జనవరి 1 నుంచి అది బంద్ అయ్యింది. ఈయన ఆ తలుపు మూసే ముందు లోపలికి తోయబడ్డవాడు. మొదటి మాలిక్ జాలిమ్. పారిపోయాడు. దారిలో దువా చేసుకోవడానికి ఒక ఇంట్లోకి వెళ్తే ఒక కుర్రాడు చూసి చెప్పాడు, గుర్రాలతో కుక్కలతో వచ్చి పట్టుకున్నారు. 16 రోజులు జైలు. ఆ తర్వాత ఓవెన్ అనే పెద్ద కుటుంబం కొనుక్కుంది. ఆ ఇంటి మనిషి ఒకరు తర్వాత రాష్ట్ర గవర్నర్ కూడా అయ్యారు.

1831లో ఉమర్ తన కథని అరబీలో రాశాడు. పదిహేను పేజీలు. ముందు సూరా ముల్క్ యాదాస్త్ నుంచి రాశాడు. ముల్క్ అంతా, అధికారమంతా అల్లాహ్ చేతిలోనే అని మొదలయ్యే సూరా అది. ఒక మనిషికి ఇంకో మనిషి మాలిక్‌గా ఉన్న ఇంట్లో కూర్చుని, ఆ సూరా ఎంచుకున్నాడు. చర్చిలో ఆయనకి బాప్తిస్మం ఇచ్చారని రికార్డులున్నాయి. దిల్‌లో ఏమున్నదో ఆయనకీ పైవాడికీ తెలియాలి. ఆజాదీ రాకుండానే, 90 ఏళ్లు దాటాక పోయాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. రాని ముసల్మాన్ గురించి హిల్స్‌బరోలో అంత బహస్ చేశారు. వచ్చిన ముసల్మాన్ ఫయెట్‌విల్ జైల్లో ఉంటే, ఆయన్ని ఐదింట మూడొంతులు లెక్క వేశారు. కాగితం మీది దస్తూర్ ఒకటి, లోకం దస్తూర్ ఇంకోటి.

అయితే ఆ కాగజ్ బేకారా? నేను అలా అనను. 1809లో నార్త్ కరోలినా శాసనసభలో జేకబ్ హెన్రీ అనే యూదు సభ్యుడి సీటు మీద తకరారు వచ్చింది. సొంత రాష్ట్ర రాజ్యాంగంలోని పాత షరతుని ఎత్తి చూపారు. ఆయన నిలబడి మాట్లాడి సీటు నిలుపుకున్నాడు, కానీ షరతు పోలేదు. 1835లో ప్రొటెస్టెంట్ అన్న చోట క్రైస్తవుడు అని మార్చారు. 1868లో, సివిల్ వార్ అయ్యాక, అదీ తీసి దేవుణ్ని కాదనకపోతే చాలన్నారు. 1961లో మేరీలాండ్ కేసులో సుప్రీం కోర్టు, ఏ రాష్ట్రం కూడా అలాంటి షరతు పెట్టడానికి వీల్లేదని తేల్చింది. గులామీ పోవడానికి ఆరు లక్షల మందికి పైగా చచ్చిన జంగ్ కావాల్సి వచ్చింది. కాగజ్ తనంతట తాను ఏదీ చేయలేదు. దాన్ని పట్టుకుని ఎవరో ఒకరు నిలబడ్డప్పుడల్లా పని చేసింది.

పోయినేడు మేం ఇల్లు మారాలనుకున్నాం. ఫోన్లో అన్నీ కుదిరాయి, అడ్వాన్స్ కూడా మాట్లాడుకున్నాం. చివర్లో పేరడిగారు. చెప్పాను. రెండు నిమిషాల్లో ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. మన రాజ్యాంగం మజ్‌హబ్ పేరు మీద ఫర్క్ చూపొద్దని సర్కారుకి గట్టిగానే చెప్పింది, ఇంటి ఓనర్‌కి ఎవరు చెప్పాలి? ఆ రాత్రే నేను ఉమర్ కథ చదివాను. గుస్సా తగ్గలేదు గానీ, కలం తీశాను.

1815లో జెఫర్సన్ తన పుస్తకాలన్నీ అమెరికా కాంగ్రెస్ లైబ్రరీకి అమ్మాడు. ఆయన ఖురాన్ ఇప్పటికీ అక్కడే ఉంది. 2007లో కాంగ్రెస్‌కి గెలిచిన మొదటి ముసల్మాన్ కీత్ ఎలిసన్ దాని మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. ఉమర్ రాసిన పేజీల్ని 2017లో అదే లైబ్రరీ కొన్నది. ఖురాన్ కొనుక్కున్న పెద్దమనిషి కితాబు, ఎవరూ చదవలేని భాషలో తన కథ రాసుకున్న గులాం దస్తూరి, ఇద్దరివీ ఇప్పుడు ఒకే కప్పు కింద.

ఉస్తాద్ సాబ్ ఇప్పుడు లేరు. ఉండుంటే ఆ గీత గీసిన మాట కింద ఇంకో మాట రాయమని అడిగేవాణ్ని. దస్తూర్ పెద్దదే సాబ్. కానీ మన దస్తూరి కూడా దాని పక్కన ఉండాలి.