ఉంగరం నుంచి చిప్పు కార్డు దాకా

కొండగట్టు అంజన్న దర్శనానికి మంగళవారం, శనివారం బారులు తీరే జనాన్ని చూసినప్పుడల్లా నాకో చిలిపి ఆలోచన వస్తుంది. గుర్తింపు కార్డు మోసుకెళ్ళిన మొదటివాడు ఈ స్వామే కదా! అశోకవనంలో కోతి ఒకటి వచ్చి రామదూతనంటే సీతమ్మ వెంటనే నమ్మేసిందా? లేదు. రాముడి గుర్తులడిగింది, ఉంగరం చూసింది, అప్పుడు మనసు కుదుటపడింది. తిరిగి తన చూడామణి యిచ్చి పంపింది. అటువాళ్ళు యిటువాళ్ళనీ, యిటువాళ్ళు అటువాళ్ళనీ నమ్మడానికి తలా ఒక ఆనవాలన్నమాట. స్మార్ట్ కార్డు చేసేదీ అలాంటి పనే.

మీ పర్సులోని బ్యాంకు కార్డు ఓసారి బయటికి తీయండి. దాని మొహాన బంగారు రంగు బిళ్ళ మెరుస్తుంటుంది. దాని కింద బుల్లి కంప్యూటరు దాక్కుని వుంది. వెనకటి కార్డులకి వీపున నల్లటి అయస్కాంతపు పట్టీ ఒక్కటే ఆధారం. అందులోని సమాచారం ఎప్పుడూ ఒకటే కాబట్టి, దొంగ ఒక్కసారి కాపీ కొట్టాడంటే యింకో కార్డు తయారు. చిప్పు అలా కాదు. కార్డు పెట్టిన ప్రతిసారీ తన దగ్గరున్న రహస్య సంఖ్యతో లెక్కవేసి కొత్త సంకేతం పుట్టిస్తుంది. నిన్నటిది యివాళ చెల్లదు. 1974లో రోలాన్ మొరెనో అనే ఫ్రెంచి ఆయన యిలాంటి కార్డుకి పేటెంటు కోరాడు. మన దేశంలో పట్టీ కార్డులన్నీ 2018 డిసెంబరు 31 లోగా మార్చేయాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది.

తమాషా ఏమిటంటే, పట్నపు ఆడవాళ్ళం మనం చాలామంది చిప్పు మొహం చూడకముందే మన పల్లెల్లో మట్టి మోసే ఆడవాళ్ళ చేతికి అది వచ్చింది. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ వున్నాయి. కూలి డబ్బులు పోస్టాఫీసు ద్వారా వచ్చేవి; ముసలమ్మల పింఛను పంచాయతీ వాళ్ళ చేతిమీదుగా అందేది. అంతదూరం నడిచివెళ్తే "రేపు రా" అనేవాళ్ళు. చేతులు మారేకొద్దీ పైసలు తరిగేవి. ఆ బాధకి మందుగా అదే 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్ట్ కార్డులు మొదలుపెట్టింది. ఊళ్ళో శిబిరం పెట్టి ఫోటో తీశారు, పది వేళ్ళ ముద్రలూ తీసుకున్నారు. వాటిని ఖాతా వివరాలతో సహా చిప్పులో దాచారు. డబ్బు పంచేరోజున చేతిమిషన్‌లో కార్డు పెట్టి వేలు ఆనిస్తే, లోపలి ముద్రా బయటి వేలూ ఒకటేనని తేలాక నగదూ, రసీదూ చేతికొస్తాయి.

నాకు బాగా నచ్చినది వేరే వుంది. ఆ మిషన్ పట్టుకుని డబ్బు పంచే పని వీలైనంతవరకు ఊళ్ళోని పొదుపు సంఘం ఆడవాళ్ళకే యివ్వాలన్నారు. ఆమె ఊరి అధికారులకి చుట్టం కాకూడదని కూడా షరతు! ఎవరో బుద్ధిమంతులే రాసి వుంటారు.

దీనివల్ల ఒరిగిందేమిటో పండితులు లెక్క కట్టారు. ఆదిలాబాద్‌తో సహా ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో, కార్డులు ముందొచ్చిన మండలాలనీ తర్వాత వచ్చినవాటినీ పోల్చారు. ఆ వ్యాసం 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. కూలి తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో చెల్లింపుకి 22 నిమిషాలు తగ్గిందట. ఆ 22 నిమిషాల విలువ పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చినావిడకే తెలుస్తుంది. దారిలో కారిపోయే సొమ్ము ఉపాధి పనుల్లో సుమారు 41 శాతం తగ్గింది. కార్డు వాడినవాళ్ళలో పదింట తొమ్మిదిమంది పాత పద్ధతి వద్దన్నారు.

ఇదంతా సవ్యంగా, నూటికి నూరుపాళ్ళూ జరిగిందనుకోకండి. రెండేళ్ళయినా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. మా వైపు ఆడవాళ్ళు బీడీలు చుడతారు, వరి కోస్తారు, అంట్లు తోముతారు. ఆ వేళ్ళ మీద గీతలు ఎంతకని నిలుస్తాయి? మిషన్ గుర్తుపట్టకపోతే వేలు తుడుచుకుని మళ్ళీ ఆనించాలి. అయితే కార్డు లేనివాళ్ళకి పాత పద్ధతిలో డబ్బివ్వడం అప్పుడు పూర్తిగా ఆపేయలేదు. ఆ ఒక్క తలుపు తెరిచి వుంచడం వల్లే ఎంతోమంది ముసలమ్మలు ఉత్త చేతులతో యింటికి పోలేదని నా నమ్మకం. తర్వాత ఆధార్ వచ్చింది. ముద్రలు కార్డులోంచి ఎక్కడో దూరాన వున్న కంప్యూటర్లలోకి వెళ్ళిపోయాయి. కార్డు ట్రంకుపెట్టెలో అడుక్కి చేరింది. వేలు మాత్రం యిప్పటికీ ఆనించాల్సిందే, గీతలున్నా, అరిగిపోయినా.