వరుసలో నిలబడటం, గొంతు కలపడం

ప్రేయర్ బెల్లు కొడితే పిల్లలంతా వరుసలో నిలబడతారు. గొంతు కలపడం వేరే సంగతి. హాజరునే పాల్గొనడంగా లెక్కిస్తే, కౌమార విద్యార్థులను ప్రార్థన వైపు నడిపించేదేమిటన్న ప్రశ్నే మాయమవుతుంది.

ఇంగ్లండ్‌లో 1944 విద్యాచట్టం బడిలో రోజువారీ సామూహిక ప్రార్థనను తప్పనిసరి చేసింది. అక్కడి పదహారేళ్ల విద్యార్థులపై లెస్లీ ఫ్రాన్సిస్, లారెన్స్ బ్రౌన్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఇల్లు, చర్చి ప్రభావాలను పక్కకు తీసి చూస్తే, పిల్లలు ప్రార్థించే అలవాటుపై పాఠశాల ముద్ర పెద్దగా కనబడలేదు. అయితే ఇది ఒక్కసారి ప్రశ్నావళి నింపించి తేల్చినది; ఏది కారణమో, ఏది ఫలితమో దానితో రూఢిగా చెప్పలేం.

1993లో రిచర్డ్ రయాన్ బృందం అమెరికాలోని క్రైస్తవులను పరిశీలించి మరో తేడా చూపింది. చేయకపోతే తప్పన్న బెరుకుతో మతాన్ని ఆచరించేవారు వేరు, విలువ తెలిసి ఆచరించేవారు వేరు. మానసిక ఆరోగ్యం రెండోవారిలోనే మెరుగ్గా కనిపించింది.

ఈ రెండు అధ్యయనాలూ దైవప్రార్థనకు, మతాచరణకు సంబంధించినవి. మన బడి ప్రార్థన కలగూరగంప: వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, వార్తలు, జనగణమన. కనుక పరాయి ఫలితాలను ఇక్కడికి యథాతథంగా తేలేం.

ఆంధ్ర సరిహద్దున ఉన్న పాతపట్నం లాంటి చోట బడులకు ఇంకో చిక్కుంది. మహేంద్రతనయ నది దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి. ఈ ప్రాంతంలో ఇళ్లలో తెలుగుతో పాటు ఒడియా, సవర కూడా వినిపిస్తాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాలని పూనుకున్నారు. ఇంటి భాషలో ఒక పాట ఉంటే ప్రార్థనలో గొంతులు పెరుగుతాయా? పెరగవచ్చని నాకనిపిస్తుంది, అది ఊహే, ఫలితం కాదు.

పరీక్షించడం కష్టమేం కాదు. ఒక టర్మ్ పాటు కొన్ని బడుల్లో, ఇంటి భాష పాటలతో సహా పాటల ఎంపిక, ముందు నిలబడి పాడించే పని వంతులవారీగా తొమ్మిదో తరగతి పిల్లలకే ఇవ్వాలి. మిగతా బడులను అలాగే ఉంచాలి. పాడుతున్నవారిని లెక్కపెట్టేది ఆ బడి టీచరు కాకూడదు. ఆయన కళ్లముందు ఎవరైనా పెదవులు కదుపుతారు.

మౌనంగా నిలబడిన పిల్లవాణ్ని మాత్రం వైఫల్యాల పద్దులో వేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలోనైనా సమ్మతి లేకుండా మతప్రార్థనకు హాజరు కమ్మనకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. జాతీయగీతానికి గౌరవంగా నిలబడి, పాడకుండా ఉన్న కేరళ విద్యార్థులను బడి నుంచి తీసేయడం చెల్లదని 1986లో సుప్రీంకోర్టు బిజో ఇమ్మానుయేల్ కేసులో తేల్చింది.