గాలి వెలిసిన తరువాత: హుద్‌హుద్, కూర్మన్నపాలెం

1876 అక్టోబరులో బంగాళాఖాతంలో రెండు పెద్ద తుపానులు పుట్టాయి. మొదటిది విశాఖపట్నం తీరాన్ని తాకింది. నెలాఖరున వచ్చిన రెండవది నేటి బంగ్లాదేశ్‌లో, మేఘనా నదీముఖాన ఉన్న బాకర్‌గంజ్ ప్రాంతాన్ని ముంచివేసింది. బెంగాల్ ప్రభుత్వంలో వాతావరణ అధికారిగా ఉన్న జాన్ ఎలియట్ ఈ రెండింటిపైనా కలిపి ఒకే నివేదిక వెలువరించాడు. ఆ విధంగా తుపానుల చరిత్రలో మన ఊరి పేరూ బాకర్‌గంజ్ పేరూ ఒకే అట్ట మీద చోటు చేసుకున్నాయి.

బాకర్‌గంజ్ మృతులు సుమారు రెండు లక్షలని అంచనా. వైద్యుడికి ఇందులో ముఖ్యంగా కనిపించేది మొత్తం సంఖ్య కాదు, దాని విభజన. వారిలో దాదాపు సగం మంది ఉప్పెనలో మునిగిపోయారు. తక్కిన సగం మంది నీరు తీసిన తరువాత, ఆకాశం నిర్మలమైన తరువాత, ఆకలితోనూ కలరా వంటి రోగాలతోనూ మరణించారు. రాబర్ట్ కోక్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని గుర్తించడానికి అప్పటికింకా ఎనిమిదేళ్లు ఉంది.

తుపానుకు రెండు విడతల మరణాలు ఉంటాయన్న సంగతి అలా పందొమ్మిదో శతాబ్దంలోనే నమోదయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నంలో ఈ రెండవ విడత ఏమైంది అన్నదే ఈ వ్యాసానికి విషయం. ఆ కథను నగరం నడిబొడ్డు నుంచి కాక, దాని దక్షిణపు కొసన ఉన్న కూర్మన్నపాలెం నుంచి చెబుతాను. పత్రికల ఛాయాచిత్రాలన్నీ సముద్రపు ఒడ్డువి, విమానాశ్రయానివి. జనం అసలు అవస్థ పడింది ఇటువంటి పేటలలో.

కూర్మన్నపాలెం పేరు చూస్తేనే అది పాత ఊరని తెలుస్తుంది. శ్రీకూర్మనాథుని మీది భక్తితో బిడ్డలకు కూర్మన్న, కూర్మారావు అని పేరు పెట్టుకోవడం ఉత్తరాంధ్ర వాడుక. ఈ పల్లె రూపురేఖలు మార్చింది ఉక్కు కర్మాగారం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న 1966 నాటి ఉద్యమం ఫలించి, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ నడుమ ఇరవై ఏళ్లలో చుట్టుపక్కల పల్లెలు భూములిచ్చి లేచిపోయాయి, నిర్వాసిత కాలనీలు వెలిశాయి. జాతీయ రహదారి మీది కర్మాగార ముఖద్వారం దగ్గర కూర్మన్నపాలెం కూడలి ఒక పట్టణమే అయింది. స్థిరోద్యోగులు ఉక్కునగరం క్వార్టర్లలో ఉంటే, కాంట్రాక్టు కార్మికులు, చిన్న వ్యాపారులు, అద్దె ఇళ్ల వారు, పదవీ విరమణ చేసి అపార్టుమెంటు కొనుక్కున్నవారు గోడకు ఇవతల స్థిరపడ్డారు. ఒకే తుపాను వీరందరినీ ఒకే విధంగా తాకలేదు.

హుద్‌హుద్ అన్నది ఒమన్ దేశం ఇచ్చిన పేరు. తెలుగులో కూకుడుగువ్వ అనే పిట్ట. అండమాన్ సముద్రంలో అక్టోబరు 7న వాయుగుండంగా మారి, మరునాడు అండమాన్ దీవులను దాటి, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు, ఒంటి గంట మధ్య విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలివేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు, ఉధృతిలో 200 వరకు. ఉదయమంతా ఉత్తరపు దిక్కు నుంచి వీచిన గాలి, తుపాను కన్ను దాటాక దక్షిణం నుంచి తిరగబడింది. ఒక వైపు నుంచి సడలిన రేకులను, వేళ్లు కదిలిన చెట్లను రెండవ వైపు గాలి పడగొట్టింది. నడుమ కాస్త తెరిపి ఇచ్చినప్పుడు అయిపోయిందనుకుని వీధిలోకి వచ్చినవారు ఎందరో. తుపాను కన్ను గురించి బడిలో చదువుకున్న పాఠం ఆ వేళకు గుర్తుకు రావడం కష్టం.

మొదటి విడత మరణాలను తగ్గించిన ఘనత వాతావరణ శాఖకు, ప్రజలను ముందే తరలించిన యంత్రాంగానికి దక్కవలసిందే. నాలుగు రోజుల ముందునుంచే తీరం దాటే చోటూ రోజూ దాదాపు సరిగ్గా చెప్పగలిగారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెనకు పదివేల మంది పోయారు. హుద్‌హుద్‌లో రాష్ట్రం మొత్తం మీద ప్రభుత్వ లెక్క 61. రెండు తుపానులనూ తూచడం సరికాదు. దివిసీమ సముద్రమట్టానికి సమానమైన పల్లపు నేల. విశాఖలో ఉప్పెన మీటరున్నర లోపే, ఊరు ఎత్తున ఉంది. ఇది కలిసివచ్చిన విషయమే తప్ప మన ప్రతిభ కాదు.

ఇక గాలి వెలిసిన తరువాతి సంగతి.

సోమవారం తెల్లవారేసరికి కూర్మన్నపాలెంలో కరెంటు లేదు, ఫోను లేదు, కుళాయి నీరు లేదు. ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలు. స్తంభాలు కూలితే పంపులు ఆగుతాయి, పంపులు ఆగితే ట్యాంకులు ఎండుతాయి, టవర్ల బ్యాటరీలు అయిపోతే అంబులెన్సు పిలవడానికి కూడా దారి ఉండదు. పెట్రోలు బంకులో ఇంధనం ఉన్నా తోడే మోటారు తిరగదు. పాల ప్యాకెట్టు, మంచినీటి క్యాను ధరలు అడిగినవాడి అవసరాన్ని బట్టి పెరిగాయి. చేతిపంపు ఉన్న వీధి ఆ వారం పాటు ధనవంతుల వీధి. బోరింగు వదిలేసి మోటార్లు పెట్టుకున్న అపార్టుమెంట్లలో నాలుగో అంతస్తు వారు బిందెలతో మెట్లెక్కారు. ట్రాలీ ఆటో మీద అద్దె జనరేటరు తిప్పుతూ, గంటకింత అని తీసుకుని ట్యాంకులు నింపే వ్యాపారం రెండు రోజుల్లోనే పుట్టుకొచ్చింది. దాన్ని దోపిడీ అన్నవారున్నారు. నేను అనను. ఆ నీరే ఎంతోమందిని మురుగు కలిసిన బావుల నుంచి కాపాడింది.

గోడకు అవతల కర్మాగారానిదీ ఇదే రోగం. విద్యుత్తు ఆగిపోవడంతో ఉత్పత్తి నిలిచిపోయింది. కోక్ ఓవెన్ల గోడలలోని సిలికా ఇటుకలు ఒక్కసారి చల్లబడితే పగులుతాయి. అందువల్ల ఉత్పత్తి లేకపోయినా వాటిని వేడిగానే నిలపాలి. గుండె ఆగిన మనిషికి మెదడు చెడకుండా కాపాడడం వంటిదే ఈ పని. ఇంటి పైకప్పు లేచిపోయినా, దారిలో పడిన చెట్లను దాటుకుంటూ నడిచి డ్యూటీకి వెళ్లిన కార్మికుల వల్లనే ఆ కొలిమి మళ్లీ వెలిగింది. జీతపు చీటీలో దానికి గడి ఉండదు.

వీధుల్లో మాత్రం ప్రభుత్వం కన్నా ముందు పొరుగువారే వచ్చారు. కత్తులు, గొడ్డళ్లు ఉన్నవారు చెట్లు నరికి దారి తీశారు. ఫ్రిజ్‌లలో చెడిపోబోయే కూరగాయలు, మాంసం ఒకచోట చేర్చి వీధికంతటికీ వండిన చోట్లు ఉన్నాయి. అప్పటివరకు ఎదురింటి వారి పేరైనా తెలియని అపార్టుమెంటు వాసులు నీటికి వంతులు వేసుకున్నారు. రెండవ రోజు నుంచి ఇతర జిల్లాల, పొరుగు రాష్ట్రాల విద్యుత్ సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు వచ్చి చేరారు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విశాఖలోనే మకాం వేసి పనులు చూశారు. ప్రధాని నరేంద్ర మోదీ 14న వచ్చి వెయ్యి కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. 23న వచ్చిన దీపావళికి టపాసులు కాల్చవద్దన్నారు. ఊరంతా ఎండిన కొమ్మలు, ఆకులు గుట్టలుగా ఉన్నాయి, నిప్పురవ్వ చాలు. విశాఖలో నిశ్శబ్దంగా గడిచిన దీపావళి అది.

ఇంత జరిగినా పెద్ద అంటువ్యాధి ఏదీ చెలరేగలేదు. బాకర్‌గంజ్‌కూ విశాఖకూ మధ్య ఉన్న తేడా ఇదే, దీన్ని అదృష్టమని కొట్టిపారేయరాదు. శవాల వల్ల, కళేబరాల వల్ల రోగాలు పుడతాయని జనం భయపడతారు గాని, కలరా వంటివి వ్యాపించేది బతికి ఉన్నవారి మలం తాగునీటిలో కలవడం వల్ల. వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, గంటసేపు నిలవ. ఇంత చిన్న లెక్క తెలియక బాకర్‌గంజ్‌లో ఎంతోమంది పోయారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణాన్ని నోటిద్వారా ఇచ్చి, నూటికి ముప్ఫై వరకు ఉన్న కలరా మరణాలను నాలుగు లోపుకు తెచ్చాడు. ఇప్పుడు ఆ ప్యాకెట్టు ప్రతి ఆశా కార్యకర్త సంచిలోనూ ఉంటుంది. హుద్‌హుద్ నాటికి ఈ జ్ఞానం వార్డు స్థాయికి దిగివచ్చి ఉంది. డ్రమ్ముల్లో నిలవచేసిన శుభ్రమైన నీటిలో ఎనిమిది, పది రోజులకే డెంగీ దోమ తయారవుతుందన్న మాటను మాత్రం మనవాళ్లు ఇప్పటికీ అంత సీరియస్‌గా తీసుకోరు.

అయితే రెండవ విడత మరణం రూపం మార్చుకుంది. 1876 నాటి జనాభాలో మధుమేహం, అధిక రక్తపోటు ఇంతగా లేవు, డయాలిసిస్ అసలే లేదు. 2014లో ఇంటింటా ఉన్నాయి. ఫ్రిజ్ ఆగిపోగానే ఇన్సులిన్ పాడైపోయిందని పారేసినవారిని, కొత్తది దొరక్క రోజుల తరబడి మానేసినవారిని నేనెరుగుదును. నిజానికి వాడుతున్న మామూలు ఇన్సులిన్ సీసా ముప్ఫై డిగ్రీల లోపు నీడన సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెడితే చాలు. రక్తపోటు మాత్రలు అయిపోతే దుకాణం తెరిచేదాకా ఆగుదామనుకున్నవారు, తలుపులు మూసిన గదిలో జనరేటరు నడిపి పొగ పీల్చినవారు, సడలిన రేకులు సర్దబోయి కప్పు మీది నుంచి పడినవారు, వీరెవరూ 12వ తేదీన చనిపోలేదు. మా పరిచయస్థుడైన ఒక పెద్దాయన, డెబ్బై దాటినవాడు, లిఫ్టు లేక తొమ్మిదో రోజున కూడా నీళ్ల బకెట్లతో మూడంతస్తులు ఎక్కుతూ మెట్ల మీదే కూలిపోయాడు. మరణ ధ్రువపత్రంలో కారణం గుండెపోటు. అది అబద్ధం కాదు. కాని ఆ కాగితంలో తుపాను మాట ఎక్కడా లేదు. గాలివానలో మరణించినవారికి అంతర్జాతీయ రోగ వర్గీకరణలో ఎక్స్ 37 అని ఒక సంకేతమే ఉంది. చెట్టు మీద పడితే ఆ సంకేతం వస్తుంది, బకెట్టు మోస్తూ పోతే రాదు.

మనకు మూడేళ్ల తరువాత, 2017 సెప్టెంబరు 20న, అమెరికా పాలనలోని ప్యూర్టోరికో ద్వీపాన్ని మరియా హరికేన్ తాకింది. అక్కడి ప్రభుత్వం ప్రకటించిన మృతుల సంఖ్య 64. మన 61కి ఎంత దగ్గరో చూడండి. జనం నమ్మలేదు. మరుసటి ఏడు హార్వర్డ్ పరిశోధకులు 3,299 ఇళ్లకు వెళ్లి, ఎవరు ఎప్పుడు పోయారని అడిగారు. వారి అంచనా 4,645. ఆ మరణాలలో సుమారు మూడోవంతు వైద్యం ఆలస్యమవడం వల్లనో ఆగిపోవడం వల్లనో జరిగినవి. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం మరణాల రిజిస్టర్లను ముందటి ఏళ్లతో పోల్చి 2,975 అని తేల్చింది. 2018 ఆగస్టులో ప్రభుత్వం ఆ సంఖ్యనే అంగీకరించింది. అక్కడ కరెంటు పూర్తిగా రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది, మనకు చాలాచోట్ల రోజుల్లో వచ్చింది. కనుక విశాఖలో అంతటి ఘోరం జరిగిందని నేననడం లేదు. లెక్క కట్టే పద్ధతి గురించి అంటున్నాను.

కట్టడాల విషయంలో నగరం తొందరగానే కోలుకుంది. విమానాలు ఐదు రోజులకే దిగాయి. కొద్ది నెలల్లో తొంభై వేలకు పైగా వీధి దీపాలు ఎల్ఈడీకి మారాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో విద్యుత్ తీగలను నేలలోకి దింపే పనులు మొదలయ్యాయి. వైద్యుడి దృష్టిలో, తీగ నేలలో ఉంటే ట్యాంకులో నీరుంటుంది. దాన్ని ఆరోగ్య పథకం కిందనే జమకట్టవచ్చు. చెట్లకు మాత్రం అప్పు తెచ్చి రేపటికి నీడ కొనలేము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రాంగణం, కైలాసగిరి, ఉక్కునగరం వీధులు ఒక్క పూటలో బోడివయ్యాయి. దుమ్మును ఆపే ఆకు లేక ఆ తరువాతి వేసవిని ఉబ్బసం రోగులు మరిచిపోరు. తొందరగా ఎదుగుతాయని నాటిన పెళుసు కొమ్మల చెట్లనే మళ్లీ నాటడం చూసి నాకు విసుగు పుట్టింది. వేప, కానుగ, చింత ఆలస్యంగా పెరుగుతాయన్నది నిజమే. అయినా తొందరేమిటి?

మరణాల లెక్కకు మాత్రం ఆలస్యం కాలేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. 2012, 2013 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గాజువాక, కూర్మన్నపాలెం ప్రాంతాలలో నమోదయిన మరణాలను, 2014 అవే నెలల మరణాలతో వయసుల వారీగా పక్కపక్కన పెట్టి చూడడానికి పెద్ద పరిశోధక బృందం అక్కరలేదు. ఎవరైనా సామాజిక వైద్యశాస్త్ర విద్యార్థి తన పీజీ సిద్ధాంత వ్యాసానికి ఈ అంశం తీసుకుంటే చాలు. ఆ నెలల్లో ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్న పాఠకులు ఇందులో ఎందరో ఉండి ఉంటారు. తేదీ, వయసు, ఆ వారంలో ఏ మందు దొరకలేదు, ఏ ఆస్పత్రికి దారి లేకపోయింది అన్నది ఒక కాగితం మీద రాసి, ధ్రువపత్రంతో పాటు ఉంచండి. ఆ విద్యార్థి వచ్చి అడిగినప్పుడు పనికివస్తుంది.